స్టెట్టిన్ బడిపంతులు

“బ్రతకలేక బడిపంతులు” అన్న సామెత మన భాషలో ఎన్నడు పుట్టినదో గాని, దానిని పుట్టించినవాడు మాత్రం బడిపంతులు అయియుండడు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొన్నాము. సెప్టెంబరు 5న ఊరూరా ఉపాధ్యాయులకు పూలదండలు వేయబోతున్నాము. ఈ రెండు పండుగల నడుమ వచ్చిన ఈ ఆదివారం నాడు, జీవించి ఉండగా దండలు అంతగా ఎరుగని ఒక బడిపంతులును గూర్చి చదువరులతో నాలుగు మాటలు చెప్పదలచినాము. ఆయన మనవాడు కాడు. గత శతాబ్దికి ముందటి శతాబ్దంలో జర్మనీలో జీవించిన గణితవేత్త. పేరు హెర్మాన్ గుంథర్ గ్రాస్‌మన్.

ఇప్పుడు ఆయనను తలచుకొనడానికి కారణం లేకపోలేదు. అరకులోయకు ఎగువనున్న ఒక కొండపల్లెలో ప్రాథమిక పాఠశాల నడుపుతున్న యువకుడొకరు, ఒకప్పటి మా విద్యార్థి, సంక్రాంతి సెలవుల తరువాత మా ఇంటికి వచ్చి ఒక నోటుబుక్కు చేతికిచ్చినారు. బడిపిల్లలు ఇండ్లలో మాట్లాడుకొనే కూబి భాషలోని మాటలను మూడేండ్లుగా అందులో వ్రాసుకొంటున్నారట. “ఒకసారి చూసి చెప్పండి మేస్టారూ. ఈ కొండల్లో కూర్చుని చేసేది కూడా చదువే అంటారా?” అని అడిగినారు. ఏదో ఒక మర్యాదమాట చెప్పి పంపినాము. పుస్తకం మాత్రం బల్లమీద ఉండిపోయినది. ఆ ప్రశ్నకు సరియైన సమాధానం మా మాటలలో కంటె గ్రాస్‌మన్ జీవితంలో ఎక్కువగా ఉన్నది.

గ్రాస్‌మన్ 1809 ఏప్రిల్ 15న స్టెట్టిన్ పట్టణంలో జన్మించినాడు. ఓడర్ నది బాల్టిక్ సముద్రాన్ని సమీపించేచోట ఉన్న ఆ రేవుపట్టణం అప్పుడు ప్రష్యా రాజ్యంలోనిది. నేడు పోలెండులో ష్చెచిన్ అన్న పేరుతో ఉన్నది. తండ్రి యుస్టుస్ ఆ ఊరి ఉన్నత పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించేవాడు. పన్నెండుమంది సంతానంలో హెర్మాన్ మూడవవాడు. చిన్ననాడు చురుకుదనం కనబడనందున, వీడు తోటమాలిగానో చేతిపనివాడుగానో బ్రతికితే చాలునని తండ్రి తలచినాడట. లెక్కల పంతులు గారికి కొడుకు విషయంలోనే లెక్క తప్పినది. పిల్లలపై తొందరపడి తీర్పు చెప్పే అలవాటున్న మనవంటి వారందరు గుర్తుంచుకొనదగిన సంగతి ఇది.

1827లో బెర్లిన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అక్కడ మూడేండ్లు మతశాస్త్రం, ప్రాచీన భాషలు చదివినాడు. గణితంలో అక్కడ పాఠాలు వినలేదు. ఇల్లు చేరిన తరువాత తండ్రి పుస్తకాలు ముందు పెట్టుకొని గణితాన్ని తనకు తానే నేర్చుకొన్నాడు. 1834లో బెర్లిన్‌లోని ఒక వృత్తివిద్యా పాఠశాలలో ఉద్యోగం దొరికినా, కొద్దికాలానికే స్టెట్టిన్‌కు తిరిగివచ్చి, ఆ తరువాత జీవితమంతా ఆ ఊరి బడులలోనే గడిపినాడు. 1840లో పై తరగతులకు గణితం చెప్పే అర్హతకై సముద్రపు ఆటుపోట్లపై ఒక దీర్ఘవ్యాసం వ్రాసి పరీక్షకు సమర్పించినాడు. ఆటుపోట్లను లెక్కకట్టడానికి అందులో ఒక సరికొత్త గణిత పద్ధతినే కల్పించి వాడినాడు. పరీక్షాధికారులకు ఆ కొత్తదనం కనబడలేదు. ఆయన కృషి సూటిగా ఫలించినది ఆ వ్యాసంలోనే అయినా, అది అచ్చయినది 1911లో.

ఆ పద్ధతికి బీజం ఎక్కడ దొరికినది? ప్రాథమిక పాఠ్యపుస్తకంలో దొరికినది. తండ్రి బడిపిల్లల కోసం వ్రాసిన క్షేత్రగణితంలో, దీర్ఘచతురస్రమంటే పొడవు వెడల్పుల లబ్ధమని ఒక మాట ఉన్నది. నాలుగవ తరగతి పిల్లవాడు కూడా వల్లించే మాటే గదా అది! కాని కొడుకు దానివద్ద ఆగినాడు. పొడవు, వెడల్పు అన్నవి వట్టి అంకెలా, లేక దిక్కు గల గీతలా? దిక్కు గల గీతలైతే వాటిని హెచ్చించడమంటే ఏమి? భుజాలు నిలువుగా కాక వాలుగా ఉన్నప్పుడు ఆ లబ్ధం ఏమవుతుంది?

ఈ ప్రశ్నలను మన కొండలలో నిలబడి ఆలోచిస్తే తేలికగా బోధపడతవి. బొర్రానుండి అరకుకు ఘాటురోడ్డున వెళ్ళేవాడు ఎన్నో మలుపులు తిరుగుతాడు; గుట్ట దాటే అడ్డదారిన నడిచే గిరిజనుడు వేరొక దారిన పోతాడు. నడిచిన దూరాలు వేరు. అయినా ఇద్దరూ బయలుదేరిన చోటు ఒకటి, చేరిన చోటు ఒకటి గనుక, ఇద్దరి స్థానంలో వచ్చిన మార్పు ఒక్కటే. దూరమూ దిక్కూ రెండూ గల ఇటువంటి రాశిని నేటి పాఠ్యపుస్తకాలలో సదిశ అంటున్నాము. రెండు సదిశలను కలిపితే మూడవది వస్తుంది; ఏది ముందు, ఏది వెనుక అన్న భేదం కూడికలో లేదు.

హెచ్చవేతలో మాత్రం భేదం ఉన్నదని గ్రాస్‌మన్ కనిపెట్టినాడు. ఒక గీతను ఇంకొక గీత వెంబడి జరుపుకొంటూ పోతే అది ఒక సమాంతర చతుర్భుజాన్ని ఊడ్చుతుంది. అదే ఆ రెంటి లబ్ధం. గీతను తన దిక్కులోనే జరిపితే ఏ వైశాల్యమూ రాదు గనుక లబ్ధం సున్న. వరుస తారుమారు చేస్తే లబ్ధం గుర్తు మారుతుంది, ధనం ఋణమవుతుంది. మూడును అయిదుతో హెచ్చించినా, అయిదును మూడుతో హెచ్చించినా ఒక్కటే అని నేర్చుకొన్న లోకానికి ఇది వింత. ఇక్కడితో ఆయన ఆగలేదు. పొడవు, వెడల్పు, ఎత్తు అన్న మూడు పరిమాణాలవద్ద ఈ లెక్క నిలిచిపోనక్కరలేదనీ, ఎన్ని పరిమాణాలకైనా ఇదే వ్యవహారం చెల్లుతుందనీ నిరూపించినాడు. కంటికి కనబడే స్థలం ఆ విశాల శాస్త్రంలో ఒక చిన్న సందర్భం మాత్రమే అయినది.

ఈ సిద్ధాంతాన్ని 1844లో గ్రంథంగా ప్రకటించినాడు. దాని జర్మన్ పేరును విస్తార సిద్ధాంతం అని తెలుగు చేయవచ్చును. ఆ గ్రంథానికి పట్టిన గతి విద్యాచరిత్రలో ఒక విషాదఘట్టం. గణితసార్వభౌముడు గౌస్‌కు ఒక ప్రతి పంపగా, ఇటువంటి ఆలోచనలు తనకు అర్ధశతాబ్దం క్రిందటే కలిగినవనీ, గ్రంథంలోని ప్రత్యేక పరిభాషకు అలవాటుపడితే గాని సారం తెలియదనీ మర్యాదగా జవాబు వచ్చినది. మోబియస్ మెచ్చుకొన్నాడు గాని, తత్త్వశాస్త్రపు ధోరణి ఎక్కువగా ఉన్నదని సమీక్ష వ్రాయడానికి ఒప్పుకోలేదు. చివరకు తన గ్రంథాన్ని గూర్చి గ్రంథకర్తే వ్రాసుకొనవలసి వచ్చినది. 1846లో లైప్జిగ్‌లోని ఒక విద్వత్సభ ఆయన వేరొక వ్యాసానికి బహుమానం ఇచ్చినది. ఆ ధైర్యంతో మరుసటి ఏడు విశ్వవిద్యాలయంలో పదవి కోరుతూ విద్యామంత్రికి అర్జీ పెట్టుకొన్నాడు. ప్రభుత్వం కుమ్మర్ అన్న గణితాచార్యుని అభిప్రాయం అడిగినది. విషయం మంచిదే గాని చెప్పిన తీరు లోపభూయిష్ఠమని ఆయన తేల్చినాడు. దానితో తలుపు మూతపడినది. ఆ కుమ్మర్ కూడ ఆచార్యపదవికి ముందు పదేండ్లు బడిపంతులే కావడం గమనించదగినది.

1864లో ప్రచురణకర్తలు అమ్ముడుపోని ప్రతులు సుమారు 600 చిత్తుకాగితాల క్రింద వదిలించుకొన్నారు. అంతకు రెండేండ్ల ముందు, 1862లో, గ్రాస్‌మన్ తన గ్రంథాన్ని పూర్తిగా తిరిగి వ్రాసి 300 ప్రతులు స్వంత ఖర్చుతో అచ్చువేయించి ఉన్నాడు. దానినీ ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పవలెను. తప్పంతా లోకానిది కాదు. 1844 నాటి గ్రంథంలో ఉదాహరణలు తక్కువ. కొత్త మాటలు ఎక్కువ. సూత్రానికి ముందు తత్త్వవిచారం పుటల కొలది నడుస్తుంది. తరగతిలో పిల్లలకు తెలియజెప్పడమే వృత్తిగా గలవాడు, పండితులకు చెప్పవలసి వచ్చినప్పుడు ఆ విద్యను మరచిపోయినాడు. కుమ్మర్ చెప్పిన లోపం నిజమే. కాని చెప్పిన తీరు బాగులేదని గ్రహించినవాడు, చెప్పిన విషయం ఎంత గొప్పదో గ్రహించడానికి ఇంకొక వారం వెచ్చించి ఉంటే గణితశాస్త్రానికి ఎంత కాలం కలిసివచ్చేదో!

ఆశ చెడిన తరువాత గ్రాస్‌మన్ చేసిన పనులు ఇంకా ఆశ్చర్యకరమైనవి. 1852లో తండ్రి గతించగా ఆ బడిలో తండ్రి కూర్చున్న కుర్చీయే కొడుకుకు దక్కినది. పెద్ద సంసారం, పదకొండుమంది పిల్లలలో ఏడుగురు మాత్రమే పెరిగి పెద్దవారైనారు. ఈ బరువు మోస్తూనే 1853లో రంగుల కలయికను గూర్చి వ్యాసం ప్రకటించినాడు. అరకులో వలిసె పూలు విరబూసినప్పుడు మన కంటికి తోచే ఆ పసుపు మొదలు, ఏ రంగైనా మూడు రాశులచేత నిర్ణయింపబడుతుందనీ, కాంతుల కలయిక కూడికవలె నియమబద్ధంగా జరుగుతుందనీ అందులో చెప్పినాడు. నేడు చేతిలోని ఫోను తెర మూడు రంగుల దీపాలతోనే లోకంలోని రంగులన్నింటినీ భ్రమింపజేస్తున్నదంటే, దాని వెనుకనున్న లెక్కకు గ్రాస్‌మన్ నియమాలే ఆధారం.

1861లో ఉన్నత పాఠశాలల కోసం అంకగణితం వ్రాసినాడు. ప్రాథమిక ఉపాధ్యాయులు దీనిని ప్రత్యేకించి తెలుసుకొనవలెను. ఏడూ అయిదూ ఎంతరా అని అడిగితే, ఒకటవ తరగతి పిల్లవాడు ఏడు దగ్గర మొదలుపెట్టి వేళ్ళు ముడుస్తూ ఎనిమిది, తొమ్మిది అని ఒకటొకటిగా పైకి పోతాడు. కూడిక అంటే నిజంగా అదేనని గ్రాస్‌మన్ అన్నాడు. ఒక సంఖ్యకు ఒకటి చేర్చడం అన్న ఒక్క క్రియ నుండి కూడికనూ హెచ్చవేతనూ నిర్వచించి, వరుస మార్చి కూడినా మొత్తం మారదన్నది కూడ నమ్మకం మీద వదలక నిరూపించి చూపినాడు. 1889లో ఇటలీ దేశస్థుడు పియానో సంఖ్యాశాస్త్రానికి పునాదిసూత్రాలు ఏర్పరచినప్పుడు ఈ పుస్తకానికి తన ఋణం ఒప్పుకొన్నాడు. వేళ్ళమీద లెక్కించే పిల్లవాని చేతిపై కొట్టేముందు మనం ఒక్కక్షణం ఈ సంగతి తలచుకొనడం మంచిది.

గణితంలో శ్రోతలు దొరకని గ్రాస్‌మన్ భాషలవైపు తిరిగినాడు. జర్మన్ జానపద గేయాలు సేకరించినాడు. మొక్కల జర్మన్ పేర్లపై 1870లో పుస్తకం ప్రకటించినాడు. నడివయస్సులో సంస్కృతం పట్టినాడు. 1863లో ఆయన ప్రకటించిన ధ్వనిసూత్రం నేటికీ భాషాశాస్త్ర విద్యార్థులు ఆయన పేరుతోనే చదువుతున్నారు. ధా అన్న ధాతువు ద్విరుక్తమైనప్పుడు ధధాతి కాక దధాతి అవుతున్నది. భూ ధాతువు బభూవ అవుతున్నది. అభ్యాసంలో జరిగే ఈ మార్పును మన పాణిని ఏనాడో సూత్రించినాడు. గ్రాస్‌మన్ చూపినది వేరు. గ్రీకులోనూ ఇదే జరుగుతున్నది. అంతేకాదు, సంస్కృతంలో భ ఉన్నచోట ఇంగ్లీషులో బ రావడం నియమం. భ్రాతకు బ్రదర్ అన్నట్లు. సంస్కృతపు బ-కారానికి అక్కడ ప రావలెను. మరి బంధానికి ఇంగ్లీషులో బైండ్ ఎందుకున్నది? పండితులను వేధించిన ఈ చిక్కుకు ఆయన చెప్పిన సమాధానం సులభం. ఆ ధాతువు పూర్వరూపంలో రెండు చోట్లా ఒత్తులుండేవి. వరుస అక్షరాలలో రెండు మహాప్రాణాలు వచ్చినప్పుడు సంస్కృతంలో మొదటిది తన ఒత్తును వదులుకొన్నది. గ్రీకు కూడ వేరుగా అదే పని చేసినది. భంధ్ బంధ్ అయినది. ఇంగ్లీషు మాట ఆ పాత భ-కారానికే జవాబు చెబుతున్నది.

ఆపైన 1873 నుండి 1875 వరకు ఋగ్వేద నిఘంటువును వెలువరించినాడు. ఋగ్వేదంలోని పదాలను, వాటి రూపాలను, అవి వచ్చే స్థలాలతోసహా కూర్చిన ఆ బృహద్గ్రంథం నేటికీ వేదపరిశోధకుల బల్లమీద ఉన్నది. 1876, 77లలో వచ్చిన ఆయన ఋగ్వేదానువాదానికి తరువాతి పండితులు అంత విలువ ఇవ్వలేదు. నిఘంటువు మాత్రం నిలిచినది. గణితానికి దక్కని గౌరవం సంస్కృతానికి దక్కినది. 1876లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చినది. మరుసటి ఏడు, 1877 సెప్టెంబరు 26న, స్టెట్టిన్‌లోనే ఆయన కన్నుమూసినాడు. 1844 నాటి గ్రంథం మళ్ళీ అచ్చయి బజారుకు వచ్చినది 1878లో.

తరువాత కథ లోకానికి తెలిసినదే. ఐర్లండు గణితవేత్త హామిల్టన్ 1853లోనే ఆయనను మెచ్చుకొని ఉన్నాడు. 1888లో పియానో గ్రాస్‌మన్ భావాలను స్పష్టమైన మాటలలో తిరిగి చెప్పి, సదిశల శాస్త్రానికి సూత్రబద్ధమైన రూపమిచ్చినాడు. 1894 నుండి 1911 వరకు సమగ్ర రచనలు వెలువడినవి. ఇరవయ్యవ శతాబ్దంలో కార్టాన్ వంటి జ్యామితివేత్తల చేతిలో ఆ వింత హెచ్చవేత గొప్ప సాధనమైనది. వరుస మారితే గుర్తు మారే ఆ రాశులను అణుగర్భంలోని కణాలను వర్ణించడానికి భౌతికశాస్త్రజ్ఞులు గ్రాస్‌మన్ సంఖ్యలన్న పేరుతోనే వాడుతున్నారు. నేటి కంప్యూటర్లు మాటలను, బొమ్మలను వందల కొలది పరిమాణాలు గల సదిశలుగా మార్చి పోల్చుకొంటున్నవి. మూడు పరిమాణాలు దాటి లెక్కించడమేమిటని నాటి పండితులు పక్కన పెట్టిన పుస్తకంలోని ఊహ, నేడు అందరి జేబులలో పనిచేస్తున్నది.

ఇటువంటి బడిపంతులు మన కొండలకు కొత్తవాడు కాడు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారు, సంతలలో మోసపోతున్న సవరలను చూచి, వారి భాష నేర్చుకొనడానికి పూనుకొన్నారు. నేర్పే పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, లిపి లేదు. సవరవానిని ఇంట ఉంచుకొని మాట మాట కూర్చుకొన్నారు. సవర పిల్లలకు వాచకాలు వ్రాసినారు. సవర వ్యాకరణం వెలువడేనాటికి, అనగా 1931కి, ఆయన వయస్సు 68. నిఘంటువు వచ్చినది 1938లో. గ్రాస్‌మన్ ఋగ్వేద నిఘంటువు ముగించేనాటికి ఆయనకు 66. ఇద్దరూ రాజధానులకు దూరంగా, బడిగంటల నడుమ దొరికిన తీరికలో, ఎవరూ అడగని పని చేసినవారే.

కాబట్టి కొండలలో కూర్చొని చేసేది చదువేనా అన్న ప్రశ్నకు జవాబు చరిత్రలోనే ఉన్నది. కాని ఆ జవాబు చెప్పి ఊరకుండడం మోసం. గ్రాస్‌మన్ తట్టుకొని నిలిచినాడని మెచ్చుకొంటున్నాము. తట్టుకోలేక మానుకొన్నవారి పేర్లు మనకు తెలియవు గనుక వారిని లెక్కించము. ఉపేక్ష ప్రతిభకు పదును పెడుతుందన్నది ఉపేక్షించినవారు చెప్పుకొనే మాట. గ్రాస్‌మన్‌కు తండ్రి పుస్తకాలుండినవి, ఓపిక ఉండినది, ఉద్యోగం ఉండినది. లేనిది ఒక్కటే. ఆయన వ్రాసినదానిని ఓపికగా చదివి, ఇక్కడ అర్థమయినది, ఇక్కడ కాలేదు అని తిరిగి చెప్పే మనిషి. అటువంటి మనిషి 1844లో దొరికి ఉంటే ఆ గ్రంథంలోని లోపాలు 1846 నాటికే దిద్దుబాటయ్యేవి.

కొండబడుల ఉపాధ్యాయులకు గ్రంథాలయాలు కావలెను, వ్రాతపనుల భారం తగ్గవలెను, నిజమే. వీటికి ప్రభుత్వాన్ని అడుగుదాము. వారు వ్రాసినదానిని చదివే పని మాత్రం ఎవరినీ అడగనక్కరలేదు. అది కళాశాలలలో జీతం తీసుకొనే మావంటివారి విధి. ఈ విషయంలో ఇతరులకు హితవు చెప్పే అర్హత మాకు అంతగా లేదని ఒప్పుకొంటున్నాము.

ఈ వ్యాసం వ్రాయబూనిన తరువాతనే మా బల్లమీది నోటుబుక్కు తెరచినాము. ఏడు నెలలకు పైగా అది అక్కడనే ఉన్నది. కుమ్మర్ కనీసం చదివి అభిప్రాయం వ్రాసినాడు. మేము అదీ చేయలేదు. మొదటి పుటలోనే కొన్ని మాటలకు మామూలు ర, కొన్నింటికి బండి ఱ కనబడినవి. ఈ కాలంలో శకటరేఫ ఏమిటి, పాండిత్య ప్రదర్శన కాకపోతే అనుకొని, ఎర్రసిరా కలం తీసినాము. తరువాత అనుమానం వచ్చి, ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ కూబి భాషపై 1969లో ప్రకటించిన గ్రంథాన్ని చూచినాము. తెలుగువారి నాలుకపై ర-కారంలో కలిసిపోయి ఛందోగ్రంథాలకే పరిమితమైన ఆ భేదం, ద్రావిడ భాషలలో ఒకటైన కూబిలో సజీవంగా ఉన్నది. ఆ యువకుడు పాండిత్యం ప్రదర్శించలేదు. పిల్లల నోట విన్నది విన్నట్లు వ్రాసినాడు. తప్పు మా చెవిది.

కూబి మాట్లాడే కుటుంబాలు అనేకం ఇప్పటికే తెలుగులోకి మారిపోయినవి. పుస్తకం బల్లమీద ఉండిపోయిన ప్రతి నెలా ఆ భాషకు నష్టమే. ఎర్రసిరా కలం పక్కన పెట్టి, పెన్సిలుతో పదునాలుగు పుటలు చదివినాము. సందేహాలు వేరే కాగితం మీద వ్రాస్తున్నాము. సెప్టెంబరు 5న దండ పంపడానికి బదులు ఆ కాగితం పంపుతాము. మా చదువరులైన కళాశాల అధ్యాపకుల బల్లలమీద కూడ ఇటువంటి పుస్తకం ఒకటి ఉండకపోదు. ఈ వారంలో దానిని తెరవవలెనని మనవి.